బెజవాడ ఎండల్లో ఇంట్లోనే ఆర్టీమియా పొదిగించడం

ఫైటర్ చేప (బెట్టా) పిల్లలు ఈదడం మొదలుపెట్టాక వాటికి కదిలే తిండి కావాలి. పొడి మేత చల్లితే కన్నెత్తి చూడవు, అది అడుక్కి చేరి కుళ్లి నీళ్లు పాడు చేస్తుంది, రెండ్రోజుల్లో పిల్లలు సగమైపోతాయి. నా మొదటి రెండు బ్యాచ్‌ల పిల్లలూ అలాగే పోయాయి, ఇప్పటికీ బాధగానే ఉంటుంది. బాపట్ల, చీరాల వైపు రొయ్య హేచరీల్లో పిల్లలకు పెట్టే ఆర్టీమియానే, అంటే బ్రైన్ ష్రింప్ అనే రొయ్యలాంటి చిన్న ఉప్పునీటి జీవినే, డబ్బాల్లో అమ్మే దాని ఎండు గుడ్లు తెచ్చి మనం ఒక కూల్‌డ్రింక్ బాటిల్లో పొదిగించుకోవచ్చు. అప్పుడే పుట్టిన పిల్ల అర మిల్లీమీటరు కూడా ఉండదు, నారింజ రంగులో గిలగిలా కదులుతుంది, చేప పిల్ల దాన్ని చూసిందంటే వదలదు.

రెండు లీటర్ల బాటిల్ తీసుకుని అడుగు కోసేసి, మూత గట్టిగా బిగించి తలకిందులుగా ఒక చెంబులో నిలబెట్టండి. అందులో లీటరు నీళ్లు. కుళాయి నీళ్లయితే క్లోరిన్ పోవడానికి ముందు రోజు రాత్రే బకెట్లో పట్టి ఉంచండి. ఉప్పు లీటరుకు 25 గ్రాములు. కల్లుప్పు గళ్లు పెద్దవి కాబట్టి చెంచా లెక్క కుదరదు. ఇంట్లో తూకం లేకపోతే కిరాణా కొట్లో పావు కిలో కట్టించుకుని పది సమాన భాగాలు చేస్తే ఒక్కోటి 25 గ్రాములే. చిటికెడు వంట సోడా కూడా వేయండి, నీళ్లు కాస్త క్షారంగా ఉంటేనే గుడ్లు బాగా పగులుతాయి. గుడ్లు అర టీస్పూను చాలు. గ్రాములో రెండు లక్షలకు పైగా ఉంటాయి, కాబట్టి ఆశపడి గుప్పించకండి.

ఎయిర్ పంపు ట్యూబు పైనుంచి దించి మూత దాకా వెళ్లేలా పెట్టండి. చివర ఎయిర్ స్టోన్ (బుడగలు సన్నగా చేసే రాయి) వద్దు, సన్న బుడగలకు గుడ్లు పైకెక్కి గోడలకు అంటుకుపోతాయి. పెద్ద బుడగలు రావాలి, గుడ్లు ఒక్కచోట ఆగకుండా తిరుగుతూనే ఉండాలి. పంపును మాత్రం బాటిల్లో నీటిమట్టం కన్నా పైన, అలమరలోనో గోడ మేకుకో పెట్టండి. కింద పెడితే కరెంటు పోయిన క్షణం ఉప్పునీళ్లు ట్యూబులోంచి పంపులోకి దిగిపోతాయి. మనకు వేసవిలో కరెంటు ఎప్పుడు పోతుందో ఎవరు చెప్పగలరు, అందుకని ఆ పంపును ఇన్వర్టర్ లైనుకు కలుపుకుంటే టెన్షన్ ఉండదు.

ఇక అసలు సంగతి వేడి. 26 నుంచి 28 డిగ్రీల నీళ్లలో 24 గంటల్లో పొదుగుతాయి. 33 దాటిందంటే గుడ్డు లోపలి జీవం ఆగిపోతుంది, ఎంత మంచి డబ్బా కొన్నా లాభం లేదు. ఇంటర్నెట్‌లో చదివేవన్నీ హీటర్ పెట్టమంటాయి, కానీ మే నెలలో 40 దాటే బెజవాడలో మనకు కావలసింది చల్లదనం. నేను ఒకసారి వెలుతురు ఉంటుందని బాల్కనీలో పెట్టాను, సాయంత్రానికి నీళ్లు కాగి మర్నాడు కంపు కొట్టాయి. ఇప్పుడు హాల్లో నేలమీద, ఫ్యాన్ గాలి తగిలేచోట పెట్టి, కుండకు చుట్టినట్టు బాటిల్ చుట్టూ తడిగుడ్డ కడుతున్నాను, రెండు మూడు గంటలకోసారి తడుపుతాను. వెలుతురు కావాలి కాబట్టి ఒక పక్క గుడ్డ లేకుండా వదిలి, మొదటి కొన్ని గంటలు ఎల్‌ఈడీ లైటు దగ్గరగా పెడతాను, అది పెద్దగా వేడెక్కదు. డిసెంబరు రాత్రుల్లో 36 గంటలు పట్టినా కంగారు పడకండి.

నీళ్లు నారింజ రంగు తిరిగాక గాలి ఆపండి. పది నిమిషాల్లో ఖాళీ పెంకులు పైకి తేలతాయి, పొదగని గుడ్లు మూతలోకి దిగుతాయి. మూతకు కాస్త పైన ఒక పక్కనుంచి సెల్ టార్చ్ వేస్తే పిల్లలన్నీ ఆ వెలుగు దగ్గరకు చేరతాయి. సన్న ట్యూబుతో అక్కడినుంచే లాగి, పాత పంచె గుడ్డలో వడకట్టి మంచినీళ్లతో కడగండి. గాలి లేకుండా పావుగంట మించి ఉంచకండి, ఊపిరాడక చస్తాయి. పెంకులు రాకుండా చూసుకోవడం ముఖ్యం, అవి చిన్న చేపల పేగులో అడ్డం పడతాయి.

పొదిగిన వెంటనే, మొదటి కొన్ని గంటల్లోనే పెట్టేయండి. పిల్ల కడుపులో సొన ఉన్నంతసేపే బలమైన తిండి, ఆలస్యమయ్యేకొద్దీ ఆ సొనను అదే తినేసుకుంటుంది. మిగిలితే ఉప్పునీళ్లలోనే వేసి ఫ్రిజ్‌లో పెడితే మర్నాటికి పనికొస్తాయి. రోజుకు రెండు మూడుసార్లు, కొంచెం కొంచెంగానే వేయండి, మంచినీళ్లలో ఇవి కొన్ని గంటలే బతుకుతాయి. చేప పిల్లల పొట్టలు నారింజ రంగులో ఉబ్బితే తిన్నట్టే.

గుడ్ల డబ్బాకు తేమ తగలనివ్వకండి. వారానికి సరిపడా చిన్న సీసాలోకి తీసుకుని మిగతాది గట్టిగా మూతపెట్టి ఫ్రీజర్‌లో ఉంచండి. విడి పొట్లాల్లో అమ్మేవి చవకని నేనొకసారి కొన్నాను, పదింట ఒకటైనా పొదగలేదు. రోజూ తాజా తిండి కావాలంటే రెండు బాటిళ్లు పెట్టుకుని ఒకటి ఇవాళ, ఒకటి రేపు మొదలుపెట్టండి, ఖాళీ అయినదాన్ని వేడినీళ్లతో తోమి ఆరబెట్టాకే మళ్లీ వాడండి.