పెద్దవాళ్లతో దీవి ప్రయాణం – 3వ పాఠం: ఇసుక మీద నడక, నీళ్లలో నిలకడ

కిందటి రెండు పాఠాల్లో డాక్టరు సలహా, టికెట్లు, మందుల సంచి సంగతి చూశాం. ఈసారి కాళ్ల పని. సంక్రాంతి దాటి సముద్రం నెమ్మదించాక అమ్మనో నాయననో అండమాన్ తీసుకెళ్లాలనుకునే నెల్లూరు, ఒంగోలు వాళ్లకు చెన్నై నుంచి విమానం రెండు గంటల పైచిలుకు ప్రయాణం. టికెట్ తీసేటప్పుడే చక్రాల కుర్చీ కావాలని చెబితే అక్కడిదాకా పెద్ద టెన్షన్ ఉండదు. అసలు పరీక్ష విమానం దిగాకే. పడవలు ఆగే జెట్టీ మెట్లు, ఊగే పడవ అంచు, కాలు దిగబడే ఇసుక. వీటిని అక్కడికెళ్లి మొదటిసారి చూడకూడదు. ఇక్కడే, మన మైపాడు బీచ్‌లో అలవాటు చెయ్యాలి. ఒంగోలు వాళ్లకు కొత్తపట్నం ఉండనే ఉంది.

నెల్లూరు నుంచి మైపాడు సుమారు పాతిక కిలోమీటర్లు. ఎండ ముదరకముందే, తెల్లవారుతూనే చేరుకోండి. ఆ పూట సాధనకే కేటాయించండి. పిల్లల ఆటలు, ఫొటోలు ఇంకోరోజు పెట్టుకోవచ్చు.

ముందు చెయ్యి సంగతి. మనలో చాలామంది అమ్మ మణికట్టు పట్టుకుని ముందు నడుస్తాం. ప్రేమతోనే చేస్తాం, కానీ అది లాగడం. మనిషి ముందుకు వంగిపోతుంది, అడుగు తడబడుతుంది. దానికి బదులు మీ ముంజేయి అడ్డంగా చాపి, ఆమెనే పట్టుకోనివ్వండి. ఎంత గట్టిగా పట్టుకోవాలో, ఎప్పుడు వదలాలో ఆమె ఇష్టం. మీరు నొప్పి ఉన్న కాలి వైపు, అర అడుగు వెనగ్గా నడవండి. చేతికర్ర వాడేవాళ్లయితే కర్ర నొప్పి కాలికి ఎదుటి చేతిలో ఉండాలి. ఇసుకలో కర్ర మొన దిగబడిపోతుంది కాబట్టి కింద వెడల్పాటి రబ్బరు బుడిపె తొడిగించండి. ఈ పాఠం మొత్తంలో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే ఈ చెయ్యి పద్ధతే గుర్తుంచుకోండి, మిగతావన్నీ దీని మీదే నిలబడతాయి.

ఇక ఇసుక. రోడ్డు దిగగానే వచ్చే పొడి ఇసుకే మోకాళ్లను చంపేది. అక్కడ అడుగులు చిన్నవిగా వేయించండి, మధ్యలో ఒకసారి ఆగండి. తడి ఇసుక చేరాక నేల గట్టిగా ఉంటుంది, నడక తేలికవుతుంది. హవాయి చెప్పులు వద్దు. మడమ వెనక పట్టీ ఉన్న చెప్పులు కావాలి. షుగరు ఉన్నవాళ్లను ఉత్త కాళ్లతో నడిపించకండి. పాదం మొద్దుబారి ఉంటే గవ్వ గుచ్చుకున్నా తెలీదు. ఇంటికి రాగానే కాలివేళ్ల సందులు కూడా కడిగి, తుడిచి, చూడాలి.

చీర కట్టుకునే అమ్మలకు ఇంకో సంగతి. కుచ్చిళ్లు తడిస్తే బరువెక్కి కాళ్లకు చుట్టుకుంటాయి. పిక్కల దాకా ఎత్తి నడుము దగ్గర దోపుకోమనండి. పంజాబీ డ్రెస్సుకి ఒప్పుకుంటే మరీ మంచిది, ఒప్పుకోకపోతే బలవంతం వద్దు. నాయనగారి పంచె మోకాళ్ల దాకా మడిచి కడితే చాలు.

నీళ్ల దగ్గర తొందరపడకండి. మైపాడు అల బలంగా లాగుతుంది. ఇక్కడ చీలమండ మునిగేదాకానే, అంతకు మించి లోతు వద్దు. సముద్రానికి ఎప్పుడూ వీపు చూపకూడదు. అల పూర్తిగా ఎదురుగా కాకుండా కాస్త పక్కగా తిరిగి, కాళ్లు ఎడంగా పెట్టి నిలబడాలి. చాలామంది అల వచ్చేటప్పుడే జాగ్రత్తగా ఉంటారు. పడిపోయేది అది వెనక్కి వెళ్లేటప్పుడు. మడమల కింది ఇసుక సర్రున జారిపోతుంది, కాలివేళ్లు గబుక్కున ముడుచుకుంటాయి, ఒళ్లు వెనక్కి ఒరుగుతుంది. సరిగ్గా ఆ క్షణానికి మీ ముంజేయి అక్కడ ఉండాలి. జారిపోయే నీళ్లను కిందికి చూస్తుంటే కళ్లు తిరుగుతాయి కనుక దూరంగా వెళ్లే పడవనో, ఆకాశం అంచునో చూడమనండి. అల పోయిన ప్రతిసారీ పాదం ఎత్తి పక్కన గట్టి ఇసుక మీద పెట్టించండి. రెండుమూడు అలలకే ఒంటికి ఆ లెక్క పట్టుబడుతుంది. ముఖంలో బెదురు పోయి నవ్వొచ్చిందంటే ఆ రోజుకు అది చాలు, ఇంకాసేపు అని ఉంచకండి.

కూర్చోవడానికి ఒడ్డున వేసే వాలు కుర్చీలు పెద్దవాళ్లకు పనికిరావు. కూర్చుంటే లేవలేరు. చేతులున్న మామూలు ప్లాస్టిక్ కుర్చీ కారులో వేసుకెళ్లండి. నాలుగు కాళ్ల కిందా ఒక చెక్క పలక పెడితే దిగబడదు. లేచేటప్పుడు ముందు అంచుకు జరిగి, పాదాలు వెనక్కి తీసుకుని, కుర్చీ చేతులు నొక్కుతూ లేవాలి. బీపీ మాత్రలు వాడేవాళ్లకు లేవగానే తల తిరగొచ్చు. అందుకని లేచాక కాసేపు అక్కడే నిలబడనివ్వండి. మాటిమాటికీ బాత్రూంకి వెళ్లాల్సొస్తుందని నీళ్లు తాగడం మానేస్తారు, అది ఎండలో ప్రమాదం. బాత్రూం ఎక్కడుందో ముందే చూసొచ్చి చెబితే నిశ్చింతగా తాగుతారు. కొబ్బరినీళ్లు మాత్రం కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు డాక్టరు సరేనంటేనే.

పడవ ఎక్కడం సాధన చెయ్యాలంటే తడ దగ్గర బీవీ పాలెం వెళ్లండి. 2022లో తిరుపతి జిల్లాలో కలిసినా మనకది పాత నెల్లూరే. పులికాట్ సరస్సు నీళ్లు లోతు తక్కువ, అలల పోటు ఉండదు, మొదటి పడవకు అంతకంటే మంచి చోటు లేదు. ఒకరు ముందు పడవలోకి దిగి చెయ్యి అందించాలి, ఇంకొకరు వెనక ఉండాలి. పడవ లేస్తూ పడుతూ ఉంటుంది. అది గట్టుతో సమానంగా వచ్చినప్పుడే కాలు పెట్టించండి. మెట్లు ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. వెనక జనం తొందరపెట్టినా మీరు కదలకండి.

శ్రీవిజయపురం, అంటే 2024 దాకా పోర్ట్ బ్లెయిర్ అన్న ఊరి నుంచి స్వరాజ్ ద్వీప్‌కి (పాత పేరు హేవ్‌లాక్) ఓడలో గంటన్నర నుంచి రెండున్నర గంటలు. ఊపు తక్కువగా ఉండేది కింది అంతస్తు మధ్య సీట్లలో. వాంతుల మాత్ర మెడికల్ షాపులో అడిగి వేసెయ్యకండి. వాటిలో కొన్ని పెద్దవాళ్లకు మగత తెస్తాయి, ప్రోస్టేట్ బాధ ఉన్న మగవాళ్లకు మూత్రం బిగబడుతుంది.

అక్కడి రాధానగర్ బీచ్ ఇసుక నేల, మెల్లగా లోతవుతుంది, మైపాడులో నేర్చుకున్నది నేరుగా పనికొస్తుంది. షహీద్ ద్వీప్‌లో (పాత పేరు నీల్) అట్లా కాదు. పోటు తగ్గినప్పుడు పదునైన చచ్చిన పగడపు రాళ్లు బయటపడతాయి, పెద్దవాళ్లను వాటి మీద నడిపించకండి. పొద్దు సంగతి కూడా చూసుకోండి. గడియారం మనదే, కానీ దీవులు బాగా తూర్పున ఉన్నందున డిసెంబరు, జనవరిలో నాలుగూ ముప్పావుకీ అయిదున్నరకూ మధ్యే సూర్యుడు మునుగుతాడు. రాధానగర్ పడమటి బీచ్, సూర్యాస్తమయం కోసం జనం ఆగిపోతారు. మీరు మాత్రం వెలుతురుండగానే పొడి ఇసుక దాటించి రోడ్డెక్కించండి. తెల్లారుజామున నిద్ర లేచే నాయనలకు అక్కడి పొద్దు బాగా నప్పుతుంది, వాళ్ల సముద్రం పొద్దున్నే పెట్టండి.

ఈ వారం సాధన: మైపాడుకు రెండుసార్లు, మధ్యలో కనీసం ఒకరోజు విశ్రాంతి. మర్నాడు మోకాళ్లు ఎట్లా ఉన్నాయో అడిగి రాసిపెట్టుకోండి. అండమాన్‌లో ఎంత దూరం నడిపించొచ్చో ఆ కాగితమే చెబుతుంది. రెండోసారికీ అమ్మ నీళ్లకు జంకుతుంటే వదిలెయ్యండి, దీవిలో కుర్చీ తడి ఇసుక మీద వేద్దాం. అల వచ్చినప్పుడు పాదాలు తడుస్తాయి, ఆమె కూర్చునే ఉంటుంది.

వచ్చే పాఠంలో హోటల్ గది: కింది అంతస్తు, బాత్రూంలో జారని చాప, రాత్రి వెలిగే లైటు.