పెద్ద బహిరంగ కార్యక్రమాన్ని సురక్షితంగా ఎలా జరపాలి?

వేలమంది చేరినచోట ప్రాణాలు పోతే మర్నాడు అందరి నోటా వినిపించేది ఒకటే: "జనం అదుపు తప్పారు." ఈ మాట నాకు ఎప్పుడూ మింగుడు పడదు. చాలా ఘటనల్లో జనానికి కదలడానికి చోటే ఉండదు. తొక్కిసలాట అని మనం పిలిచే ప్రమాదాల్లో ఎక్కువమంది నిలుచున్నచోటే, ఛాతీ నొక్కుకుపోయి ఊపిరాడక చనిపోతారు. ఆ ఒత్తిడికి బీజం కొన్ని వారాల ముందు, మైదానం ప్లానులో గేట్లు గీసిన రోజే పడుతుంది. అందుకే కింద చెప్పే పనుల్లో చాలావరకు కార్యక్రమానికి ముందు చేయాల్సినవే.

1. ముందు స్థలం కొలవండి

"ఇరవై వేలమంది వస్తారు" అనుకుని, తర్వాత స్థలం వెతుకుతారు చాలామంది. ఇది తిరగబడాలి. ముందు టేపు పట్టుకుని మైదానం కొలవండి. పొడవు 100 మీటర్లు, వెడల్పు 60 మీటర్లు ఉంటే 6,000 చదరపు మీటర్లు. అందులోంచి వేదిక, స్టాళ్లు, జనరేటర్, మరుగుదొడ్లు, అంబులెన్స్ వచ్చే దారి తీసేయండి. వేదిక సరిగా కనబడని మూలలు కూడా తీసేయాలి. అక్కడ ఎవరూ నిలబడరు, కనబడే వైపుకు జరుగుతూనే ఉంటారు. చివరికి 4,500 మిగిలాయనుకుందాం. చదరపు మీటరుకి ఇద్దరు చొప్పున 9,000 మంది. టికెట్లయినా పాసులయినా అక్కడితో ఆపేయాలి.

ఇద్దరే అంటే మరీ తక్కువ కదా అని ప్రతి కమిటీలోనూ ఎవరో ఒకరు అడుగుతారు. జనం నేలంతా సమంగా పరుచుకోరు. వెనక పలచగా, వేదిక ముందు చిక్కగా ఉంటారు. సగటు ఇద్దరున్నప్పుడే ముందు వరసల్లో నలుగురు ఉండొచ్చు. ఐదుగురు దాటితే ప్రమాదం మొదలైనట్టే. ఆరేడుగురికి చేరితే ఎవరి అడుగూ వాళ్ల చేతిలో ఉండదు, గుంపంతా నీళ్లలా అలలుగా ఊగుతుంది. ఒకరు పడితే ఆ ఆసరా పోయి చుట్టూ ఉన్నవాళ్లూ పడతారు.

2. బయటికి వెళ్లే దారుల లెక్క తేల్చండి

క్రీడామైదానాల కోసం బ్రిటన్‌లో రాసిన 'గ్రీన్ గైడ్' ఒక మంచి కొలత ఇస్తుంది. మీటరు వెడల్పున్న చదునైన దారిలో నిమిషానికి అత్యధికంగా 82 మంది, మెట్ల మీద అయితే 66 మంది బయటపడగలరు. అందరూ 8 నిమిషాల్లో దాటాలి. మన 9,000 మందికి ఇది దాదాపు 14 మీటర్ల వెడల్పు. మూడున్నర మీటర్ల గేట్లు నాలుగు సరిపోతాయి, కానీ ఐదు పెట్టండి. నిప్పో పొగో ఒక గేటును మూసేస్తే మిగిలిన నాలుగూ భారం మోయాలి.

గేటు వెడల్పు ఒక్కటే కొలిస్తే మోసపోతాం. గేటు బయట దారి సన్నబడితే లెక్కకు వచ్చేది ఆ సన్నని చోటే. తలుపులు బయటికి తెరుచుకోవాలి, తాళాలు ఉండకూడదు. వచ్చేవాళ్ల దారి, వెళ్లేవాళ్ల దారి వేరుగా ఉండాలి. 2010లో జర్మనీలోని డ్యూయిస్‌బర్గ్‌లో లవ్ పరేడ్ అనే సంగీతోత్సవానికి రాకపోకలు ప్రధానంగా సొరంగాల మీదుగా ఒకే ర్యాంప్ గుండా సాగాయి. అక్కడ ఇరుక్కుని 21 మంది చనిపోయారు.

3. జనాన్ని దూరంలోనే ఆపండి

గేటు దగ్గర ఒత్తిడి పెరిగాక చేయగలిగింది తక్కువ. క్యూ లోపలికి రాకముందే, వెనక విశాలమైన చోట విడతలుగా ఆపుతూ వదలాలి. 1979లో అమెరికాలోని సిన్సినాటిలో ఒక కచేరీకి వచ్చినవాళ్లు లోపల సంగీతం వినబడగానే కార్యక్రమం మొదలైపోయిందనుకున్నారు. తెరిచిన తలుపులు కొన్నే. 11 మంది చనిపోయారు. గేట్లు ముందే తెరవాలని, క్యూలో ఉన్నవాళ్లకు ఏం జరుగుతోందో చెబుతూ ఉండాలని ఆ ఘటన నేర్పింది.

లోపల ఏ భాగం నిండిందో గేటు దగ్గరున్న మనిషికి ఆ క్షణంలోనే తెలియాలి. 1989లో బ్రిటన్‌లోని హిల్స్‌బరో స్టేడియంలో బయట రద్దీ తగ్గించడానికి గేటు తెరిచారు. జనం ఎదురుగా కనబడిన సొరంగంలోంచి అప్పటికే నిండిపోయిన భాగాల్లోకి వెళ్లారు. పక్క భాగాల్లో చోటుంది, అటు వెళ్లమని చెప్పినవాళ్లు లేరు. 97 మంది ప్రాణాలు పోయాయి.

4. ఆపే అధికారం ఎవరిదో కాగితం మీద రాయండి

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే. కార్యక్రమాన్ని నిలిపేసే అధికారం ఒక్కరికే, పేరు రాసి మరీ ఇవ్వాలి. వేదిక మీదున్న ముఖ్య అతిథి అయినా కళాకారుడైనా ఆ మాటకు కట్టుబడతామని ముందే ఒప్పుకోవాలి. ఏ పరిస్థితిలో ఆపాలో కూడా ముందే రాసుకోండి, రద్దీలో వాదించుకునే తీరిక ఉండదు. మైకులో చదవాల్సిన నాలుగు వాక్యాలు, వాటి కోసం విడిగా కరెంటు, ఒక్కసారిగా వెలిగించగల దీపాలు సిద్ధంగా ఉంచండి.

2022లో సియోల్‌లోని ఇటెవాన్‌లో ఇరుకు సందులో 159 మంది చనిపోయిన రాత్రి, తొలి హెచ్చరిక ఫోను సాయంత్రం 6:34కే వచ్చింది. ప్రమాదం జరిగింది పది దాటాక. ఆ మధ్య గంటలు తలచుకుంటే ఇప్పటికీ నాకు గుండె బరువెక్కుతుంది. కబురు అందింది, దాన్ని చర్యగా మార్చే ఏర్పాటే లేకపోయింది. పోలీసు, అగ్నిమాపక, వైద్య సిబ్బంది ప్రతినిధులను మీతోపాటు ఒకే కంట్రోల్ రూమ్‌లో కూర్చోబెట్టండి.

5. వేదిక, నిప్పు, వాన

వేదికను ఇంజినీరుతో పరీక్ష చేయించి, ఎంత గాలి వీస్తే ఖాళీ చేయాలో ఆయన చేతే రాయించుకోండి. బాణసంచా పైకప్పు కింద వద్దేవద్దు. ఉరుము వినబడితే ఆపేసి, చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాలి. తప్పిపోయిన పిల్లలకు ఒక డేరా, తాగునీరు, గుండె ఆగితే వాడే ఏఈడీ యంత్రం తప్పనిసరి.

6. ఆ రోజు ఏం గమనించాలి

వలంటీర్లకు జనం వైపు తిరిగి నిలబడమని చెప్పండి. వేదిక వైపు చూసే వలంటీరు ప్రేక్షకుడి కింద లెక్క. తలలన్నీ ఒకేసారి ఊగుతున్నాయా, చేతులు పైకెత్తలేకపోతున్నారా, పిల్లల్ని భుజాల మీదుగా అందిస్తున్నారా, "ఊపిరాడట్లేదు" అన్న మాట వినబడిందా? వీటిలో ఒక్కటి కనబడినా వాకీటాకీలో చెప్పాలి. అప్పుడు వెనక ఉన్నవాళ్లను ముందుగా ఖాళీ చేయించాలి. ముందున్నవాళ్లను వెనక్కి జరగమంటే జరగలేరు, వాళ్ల వెనక చోటు లేదు.

ముగింపు వేళ అందరూ ఒక్కసారి లేస్తారు. ప్రధాన అంశం అయిపోయాక కూడా కాసేపు సంగీతం నడిపిస్తే జనం విడతలుగా కదులుతారు. చివరి మనిషి రోడ్డెక్కేదాకా వలంటీర్లను, అంబులెన్స్‌ను పంపేయకండి. ఆ తర్వాత బారికేడ్లు విప్పకముందే అందరూ ఒకసారి మైదానం చుట్టి, ఎక్కడెక్కడ జనం చిక్కబడ్డారో ప్లాను మీద గుర్తు పెట్టండి. వచ్చే ఏడాది గేట్లు గీసేటప్పుడు ముందు తీయాల్సింది ఆ కాగితమే.