బర్త్ సెంటర్‌లో పురుడు పోసుకోవాలనుకుంటే ముందు అడగాల్సినవి, చూడాల్సినవి

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే 81.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. దేశం మొత్తానికి తీసుకుంటే 21.5. ఈ లెక్కలు చూశాక, డాక్టర్ బదులు మిడ్‌వైఫ్ (కాన్పులు చేయడంలో ప్రత్యేక శిక్షణ పొందిన నర్సు) దగ్గరుండి కాన్పు చేసే బర్త్ సెంటర్ల వైపు చాలామంది చూస్తున్నారంటే ఆశ్చర్యం లేదు, నేను కూడా వాటి పక్షమే. కానీ వెళ్లి చూసొచ్చిన జంటల్ని అడిగితే నీళ్ల టబ్బు, పెద్ద బంతి, మసక వెలుతురు, గోడల రంగు గురించి చెబుతారు. తల్లీబిడ్డలు క్షేమంగా బయటపడటం వాటి మీద ఆధారపడదు. ఆ సెంటర్ ఎవర్ని చేర్చుకోదు, నొప్పులు వస్తున్నప్పుడు ఏం గమనిస్తుంది, తేడా వస్తే ఎంత త్వరగా ఆసుపత్రికి పంపుతుంది, ఈ మూడే ముఖ్యం.

ముందు అది ఎలాంటి సెంటరో తెలుసుకోండి. కొన్ని ఆసుపత్రిలోనే ఒక భాగంగా ఉంటాయి, ఆపరేషన్ థియేటర్ ఒక అంతస్తు దూరం. కొన్ని విడిగా, ఏ కాలనీలోనో ఒక ఇంట్లో నడుస్తాయి. ప్రభుత్వం వైపు చూస్తే, తెలంగాణ 2017లో హైదరాబాద్‌లో ప్రసూతి ఆసుపత్రులు నడిపే ఫెర్నాండెజ్ ఫౌండేషన్‌తో కలిసి నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. 2018 చివర్లో కేంద్రం కూడా దీనికి మార్గదర్శకాలు తెచ్చి, ఆసుపత్రుల్లోనే మిడ్‌వైఫ్‌లు నడిపే యూనిట్లు పెట్టాలని చెప్పింది. మొదటి కాన్పు అయితే, రెండూ అందుబాటులో ఉంటే, ఆసుపత్రిలోనే ఉన్న యూనిట్‌కే నా ఓటు. మన ట్రాఫిక్ సంగతి తెలిసిందే కదా.

తర్వాత అడగాల్సింది, "మీరు ఎవర్ని చేర్చుకోరు?" అని. కవలలు, ఎదురుకాళ్లతో ఉన్న బిడ్డ, మాయ కిందికి ఉండటం, బీపీ, ఇన్సులిన్ అవసరమైన షుగర్, 37 వారాలు నిండకుండా వచ్చే నొప్పులు, ఇంతకుముందు సిజేరియన్ అయి ఉండటం, రక్తం బాగా తక్కువగా ఉండటం, వీటిలో ఏది ఉన్నా కాన్పు ఆసుపత్రిలోనే పెట్టుకోవాల్సిందే. మన రెండు రాష్ట్రాల్లోనూ గర్భిణుల్లో సగం మందికి పైగా రక్తహీనత ఉంది కాబట్టి ఆ చివరి మాట తేలిగ్గా తీసుకోకండి, అయిదో నెలలోనే హిమోగ్లోబిన్ చూసుకుని ఐరన్ మొదలుపెడితే తొమ్మిదో నెలకి పెరగడానికి టైం ఉంటుంది. "మా దగ్గర అందరికీ నార్మలే అవుతుంది, ఏం టెన్షన్ పడకండి" అని ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

ఇప్పుడు అసలు లెక్కల దగ్గరికి వద్దాం. ఇంగ్లండ్‌లో 2008-2010 మధ్య ప్రమాదం తక్కువగా ఉన్న 64 వేల మందికి పైగా గర్భిణుల్ని గమనించి 2011లో ఒక పెద్ద అధ్యయనం ప్రచురించారు. మిడ్‌వైఫ్ యూనిట్లలో కాన్పుకు సిద్ధపడినవాళ్ల బిడ్డలకు, ఆసుపత్రిలో డాక్టర్ల దగ్గర పుట్టిన బిడ్డలకు మధ్య చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు, తల్లులకు మాత్రం సిజేరియన్లు తగ్గాయి. అయితే అదే అధ్యయనంలో ఇంకో విషయం ఉంది, మిడ్‌వైఫ్ యూనిట్లలో మొదలుపెట్టిన మొదటి కాన్పు తల్లుల్లో నూటికి 36 నుంచి 40 మందిని మధ్యలోనో, కాన్పయిన వెంటనేనో డాక్టర్ల దగ్గరికి మార్చాల్సి వచ్చింది. రెండో కాన్పు, ఆపైన అయితే 9 నుంచి 13 మందినే. అమెరికాలో 79 బర్త్ సెంటర్లలో 15,574 మంది మీద జరిగిన అధ్యయనంలో సిజేరియన్ అయింది 6 శాతం మందికే, సెంటర్‌లో చేరాక నొప్పుల మధ్యలో ఆసుపత్రికి వెళ్లింది దాదాపు 12 శాతం. వాటిలో ఎక్కువ భాగం నొప్పులు మందగించడం లాంటి కారణాలతో నింపాదిగా జరిగిన మార్పులే, తల్లినో బిడ్డనో హడావిడిగా తీసుకెళ్లాల్సి వచ్చింది 2 శాతం లోపు.

దీన్నిబట్టి ఆసుపత్రికి మార్చడాన్ని ఓటమి అనుకోకూడదని తెలుస్తోంది. మంచి ఫలితాలు వచ్చిన చోట్ల మార్చాల్సినవాళ్లని మార్చారు కాబట్టే వచ్చాయి. "మేం ఇంతవరకు ఎవర్నీ ఆసుపత్రికి పంపలేదు" అని గర్వంగా చెప్పే సెంటర్ అంటే నాకు భయం. ఈ లెక్కలన్నీ చదువుకున్న మిడ్‌వైఫ్‌లు, వెనకాల సిద్ధంగా ఉన్న ఆసుపత్రి ఉన్న చోటివి. బోర్డు మీద బర్త్ సెంటర్ అని రాసుకున్నంత మాత్రాన అవి మీ ఊళ్లోకి వచ్చేయవు.

కాబట్టి అడిగేటప్పుడు ఇలా అడగండి: "పోయిన ఏడాది మీ దగ్గర నొప్పులతో చేరినవాళ్లు ఎంతమంది? అందులో ఇక్కడే కన్నవాళ్లు ఎందరు, ఆసుపత్రికి వెళ్లినవాళ్లు ఎందరు, వాళ్లలో సిజేరియన్ ఎందరికి, ఎన్‌ఐసీయూలో (పసిబిడ్డల ఐసీయూ) చేరిన పిల్లలు ఎందరు, రక్తం ఎక్కించాల్సి వచ్చిన తల్లులు ఎందరు?" మొదటి కాన్పులవి విడిగా చెప్పమనండి. ఇక్కడో కిటుకు ఉంది. చాలాచోట్ల సెంటర్‌లోనే కాన్పయినవాళ్లని మాత్రమే లెక్కేసి "95 శాతం నార్మల్" అంటారు. మధ్యలో ఆసుపత్రికి వెళ్లి సిజేరియన్ అయినవాళ్లు ఆ లెక్కలోకే రారు. చేరినవాళ్లందర్నీ కలిపి చెప్పిందే నిజమైన లెక్క. చిన్న సెంటర్‌లో ఏడాదికి యాభై కాన్పులే ఉంటే శాతాలు పెద్దగా చెప్పలేవు, అప్పుడు ఏ కేసు ఎలా తిరిగింది, వాళ్లేం చేశారు అని అడిగితే వాళ్ల తీరు తెలిసిపోతుంది.

గది చూపిస్తామన్నప్పుడు ఫ్రిజ్ తెరిచి చూపించమనండి, మొహమాటపడకండి. కాన్పయ్యాక రక్తస్రావం ఆగడానికి వేసే ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి, లేకపోతే మందు బలం తగ్గిపోతుంది. కరెంటు పోతే ఆ ఫ్రిజ్‌కి ఇన్వర్టర్ ఉందా? మంచం పక్కనే పసిబిడ్డ మొహానికి సరిపోయే మాస్కు, ఊపిరి అందించే బ్యాగు ఉన్నాయా? పుట్టగానే ఏడవని బిడ్డకి మొదటి నిమిషంలోనే ఊపిరి అందించాలి, అల్మారా తాళం వెతికే టైం ఉండదు. బిడ్డ గుండె చప్పుడు ఎంతసేపటికోసారి వింటారో అడగండి. నొప్పులు బాగా అందుకున్నాక 15 నుంచి 30 నిమిషాలకోసారి, బిడ్డ బయటికొచ్చే దశలో 5 నిమిషాలకోసారి వినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

రక్తస్రావం గురించి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే ఆరోగ్యంగా ఉన్న మనిషికి కూడా ముందస్తు సూచన లేకుండా వచ్చేది ఇదే. పోయిన రక్తాన్ని కంటితో చూసి అంచనా వేస్తే దాదాపు ఎప్పుడూ తక్కువే అనిపిస్తుంది. తల్లి కింద గీతలున్న ప్లాస్టిక్ సంచిలాంటి షీటు వేస్తే ఎన్ని మిల్లీలీటర్లు పోయిందో వెంటనే తెలుస్తుంది. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లో రెండు లక్షల మందికి పైగా తల్లులతో చేసి 2023లో ప్రచురించిన పరిశోధనలో, ఈ షీటుతో కొలిచి, ఎక్కువ పోతోందని తెలిసిన వెంటనే గర్భసంచి మర్దనా, ఆక్సిటోసిన్, రక్తం గడ్డ కరిగిపోకుండా ఆపే ట్రానెక్సామిక్ యాసిడ్, సెలైన్, ఎక్కడి నుంచి కారుతోందో పరీక్ష, ఇవన్నీ ఒక్కసారిగా మొదలుపెడితే తీవ్రమైన ముప్పు 60 శాతం తగ్గింది. మీ సెంటర్‌లో రక్తం ఎలా కొలుస్తారని అడగండి, సమాధానం తడబడకుండా రావాలి.

ఇక దారి. ఏ ఆసుపత్రికి పంపుతారు, అక్కడ రాత్రి రెండింటికి మత్తు డాక్టర్, రక్తం, ఎన్‌ఐసీయూ ఉంటాయా, ఆసుపత్రి వాళ్లతో ముందే రాతపూర్వకంగా ఒప్పందం ఉందా, మిడ్‌వైఫ్ మీతో పాటు బండెక్కుతుందా? సాయంత్రం ఆరింటప్పుడు మీరే ఒకసారి ఆ దారిలో వెళ్లి టైం చూసుకోండి. ఆ ఆసుపత్రిలో ముందే పేరు రాయించుకుని, అడ్వాన్సుకి సరిపడా డబ్బు చేతిలో ఉంచుకోండి.

పురుటికి పుట్టింటికి వెళ్లేవాళ్లకి ఇంకో మాట. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో ఊరు మారితే అప్పటిదాకా చూసిన మిడ్‌వైఫ్ ఒకరు, కాన్పు చేసేది ఇంకొకరు అవుతారు. ఎక్కడ కనాలో అయిదారు నెలల్లోనే తేల్చుకుని అక్కడ కూడా చూపించుకోండి, స్కాన్లు, బ్లడ్ గ్రూపు, బీపీ రాసిన కాగితాలన్నీ ఒకే ఫైల్లో పెట్టి మీ వెంటే ఉంచుకోండి. అమ్మకీ, అత్తగారికీ ఆసుపత్రికి మార్చే సంగతి ముందే చెప్పండి, లేకపోతే ఆ సమయంలో "ఇంకాసేపు చూద్దాం" అనే మాట ఇంట్లోంచే వస్తుంది.

కాన్పయ్యాక కనీసం 24 గంటలు అక్కడే ఉండాలి. పుట్టిన బిడ్డని వెంటనే తల్లి గుండెల మీద పడుకోబెట్టడం, నిమిషం దాటాక బొడ్డుతాడు కోయడం, మొదటి గంటలో పాలు పట్టడం, విటమిన్ కె ఇంజెక్షన్, మొదటి టీకాలు, ఇవన్నీ ఆ సెంటర్‌లో జరుగుతాయా లేక టీకాల కోసం వేరే చోటికి వెళ్లాలా అన్నది ముందే కనుక్కోండి. ఇంటికొచ్చాక, కాన్పయిన మూడు రోజుల్లోపు ఒకసారి, తర్వాత రెండో వారంలోపు, మళ్లీ ఆరో వారంలో తల్లినీ బిడ్డనీ చూడాలి. ఈలోగా గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా, తట్టుకోలేని తలనొప్పి వచ్చి కళ్లు మసకబారినా, జ్వరం వచ్చినా, ఒక కాలు వాచి నొప్పి పెట్టినా, బిడ్డ పాలు తాగడం మానేసినా, ఒళ్లు చల్లబడినా, ఊపిరి ఎగబీల్చినా, మొదటి రోజే పచ్చబడినా, "బాలింతకి ఇలాంటివి మామూలే, పసిపిల్లలు అంతే" అని ఎవరన్నా ఆగకండి, 108కి ఫోన్ చేసి నేరుగా ఆసుపత్రికి వెళ్లండి, సెంటర్‌కి దారిలో చెప్పొచ్చు.