1,23,45,67,890ని కాగితం మీద కారణాంకాలుగా విడదీయడం

పెద్ద సంఖ్య గుణాలన్నీ దాని ప్రధాన కారణాంకాల్లోనే ఉంటాయి. అవి చేతికొస్తే మిగతాదంతా గుణకారమే. కాబట్టి ఓపికంతా విడదీయడం మీదే పెట్టండి.

చివర సున్నా ఉంది కాబట్టి ముందు 10తో భాగించండి. చివరి రెండంకెలు 90, అది 4తోనూ 25తోనూ పోదు. అంటే 2, 5 ఒక్కొక్కసారే వస్తాయి. అంకెల మొత్తం 45 కాబట్టి 9తో కూడా పోతుంది. మిగిలేది 1,37,17,421. దీని అంకెల మొత్తం 26, ఇక 3 లేదు. ఇక్కడికి సంఖ్య ఎనిమిది అంకెలకు దిగింది కాబట్టి మామూలు క్యాలిక్యులేటర్‌లోనూ పడుతుంది.

7, 11, 13లను ఒకేసారి చూడొచ్చు, ఎందుకంటే 7×11×13 = 1001. కుడి నుంచి మూడేసి అంకెలు విడగొట్టి, ఒకటి విడిచి ఒకటి కూడుతూ తీసివేస్తూ పోవాలి: 421 − 717 + 13 = −283. గుర్తు వదిలేసి చూస్తే 283 ఈ మూడింటిలో దేనితోనూ పోదు. తప్పు జరిగేది కామాల దగ్గర. మన లక్షలు, కోట్ల కామాలనే గుంపులుగా పట్టుకుంటే 421 − 17 + 37 − 1 = 440 వస్తుంది, 11తో పోతుందని పొరబడతాం. కామాలు చెరిపేసి మళ్లీ మూడేసి గీతలు పెట్టుకోండి.

ఇక 17, 19, 23 అంటూ వరుసగా పోతే మొదటి కారణాంకం తగిలేది 504వ ప్రధాన సంఖ్య దగ్గర. అంత దూరం నడవనక్కర్లేదు. 17వ శతాబ్దపు ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా చూపిన దారి ఉంది: బేసి సంఖ్యను రెండు వర్గాల భేదంగా రాయడం. వర్గమూలం 3703 దాటింది కాబట్టి 3704తో మొదలెట్టండి.

3704² − 1,37,17,421 = 2195. 5తో ముగిసే వర్గం 25తోనే ముగియాలి, కాబట్టి ఇది కాదు.
3705² − 1,37,17,421 = 9604 = 98².

రెండో అడుగులోనే దొరికింది: 3705 − 98 = 3607, 3705 + 98 = 3803. ఎంత అందమైన పద్ధతో చూడండి! అయితే రెండు కారణాంకాలూ దగ్గరగా ఉంటేనే ఇంత వేగం. 3027 = 3×1009కి ఇదే వాడితే 56 నుంచి 506 దాకా 451 అడుగులు వేయాలి. అందుకే చిన్న ప్రధాన సంఖ్యలను ముందే తీసేయాలి.

3607, 3803 ప్రధాన సంఖ్యలేనా? మొదటిదాన్ని 59 వరకు, రెండోదాన్ని 61 వరకు ఉన్న ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తే చాలు, వర్గమూలాలు అంతకు మించి పెద్దగా పోవు. దేనితోనూ పోవు.

1,23,45,67,890 = 2 × 3² × 5 × 3607 × 3803

ఘాతాంకాలకు ఒక్కోటి కలిపి గుణిస్తే కారణాంకాల సంఖ్య: 2×3×2×2×2 = 48. వాటి మొత్తానికి 3 × 13 × 6 × 3608 × 3804 = 3,21,16,10,688. ఇందులో 13 అంటే 1 + 3 + 9. చాలామంది 3²ని మరచి 1 + 3 అని 4 వేస్తారు, లేదా 1 + 9 అని 10 వేస్తారు. సంఖ్యను తీసేస్తే మిగిలే 1,97,70,42,798 ఆ సంఖ్య కంటే పెద్దది, అంటే తనను మినహాయించిన కారణాంకాల మొత్తమే తనను మించిపోయింది.

రెండు పూర్ణాంకాల వర్గాల మొత్తంగా మాత్రం దీన్ని రాయలేం. 3607, 3803 రెండూ 4తో భాగిస్తే 3 మిగిల్చే ప్రధాన సంఖ్యలు. అలాంటివి ప్రతి ఒక్కటీ సరిసార్లు రావాలి, ఇక్కడ ఒక్కొక్కసారే వచ్చాయి. 3 కూడా అదే కోవదే గానీ రెండుసార్లు ఉంది కాబట్టి దానివల్ల అడ్డు లేదు.