పాలమూరు, నల్గొండ నుంచి పట్నంల ఫ్రీ లెక్చర్లకు ఎట్ల పోవాలె

సమాజం, ఎకానమీ, చరిత్ర మీద మంచి ఉపన్యాసాలు వినాలంటే యూనివర్సిటీల సీటు ఉండాలని చాలామంది అనుకుంటరు, అట్లేం లేదు. హైదరాబాద్‌ల బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం, బంజారాహిల్స్ లామకాన్ (మీటింగులు, కళల ప్రోగ్రాంలు అయ్యే జాగ), బేగంపేటల 1980 సంవత్సరంల పెట్టిన సెస్ (ఆర్థిక, సామాజిక అధ్యయనాల సంస్థ), ఈ మూడింటి ప్రోగ్రాంలు చూస్తుండుండ్రి. చాలావాటికి టికెట్ ఉండదు, కొన్నిటికి ముందే పేరు రాయించుకోవాలె, అందుకే పోయే ముందు ఒక ఫోన్ కొట్టి అడుగుండ్రి.

ఎంజీబీఎస్‌ల బస్సు దిగి అక్కడనే మెట్రో ఎక్కితే చిక్కడపల్లి మూడో స్టేషన్, ఆడ్నుంచి బాగ్‌లింగంపల్లికి ఆటోల పోవచ్చు. ఆడోళ్లకు 2023 డిసెంబర్ నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లల్ల టికెట్ పైసలు లేవు కదా, ఆధార్ మర్వకుండ్రి. సాయంత్రం మీటింగులు లేటయితయి, లాస్ట్ బస్సు టైం ముందే కనుక్కోండ్రి.

టాపిక్ మీద ముందు రెండు పేజీలన్న చదువుకొని పోతే మస్తు ఫరక్ ఉంటది. అసలు విషయం చివర్ల ప్రశ్నల టైంలనే ఉంటది, లేవకుండ్రి. వలస గురించి మాట్లాడేటప్పుడు పాలమూరు లేబర్ సంగతి, నీళ్ల గురించయితే మన ఫ్లోరైడ్ సంగతి అడుగుండ్రి, తెలుగులనే అడుగుండ్రి, చెప్పేటోళ్లకు గూడ మన ఊరి ముచ్చట కావాలె. పట్నం పోలేనోళ్లు నల్గొండల మహాత్మాగాంధీ యూనివర్సిటీ, మహబూబ్‌నగర్ల పాలమూరు యూనివర్సిటీ డిపార్ట్‌మెంట్లకు పోయి, సెమినార్లకు బయటోళ్లను రానిస్తరా అని అడిగి చూడుండ్రి.