ఫాంటసీ సమీక్ష నేర్చుకుందాం – 4: పాత కథను పక్కన పెట్టుకుని కొత్త కథ చదవడం

పోయిన భాగంలో ఒక చిన్న పని ఇచ్చాను. మీరు చదివిన ఫాంటసీ నవలలో మంత్రశక్తికి మూల్యం ఎవరు చెల్లిస్తున్నారో ఒక పేరాలో రాయమన్నాను. ఆ కాగితం దగ్గర ఉంచుకోండి, చివర్లో కావాలి. ఇప్పుడు అద్భుత కథల తిరగరాతల సంగతి చూద్దాం.

తిరగరాత మీద రాయడం మొదలుపెట్టగానే చాలామంది చేతికి వచ్చే వాక్యం "అసలు కథకీ దీనికీ చాలా తేడా ఉంది" అని. నేనూ చాలాసార్లు అలాగే మొదలుపెట్టాను. దాంతో చదివేవాళ్లకు అందేదేమీ లేదు. తేడా కోసమే కదా తిరగరాసింది! ఆ తేడాను కథలో ఎక్కడ పెట్టారు, పెట్టాక మిగతా కథ దాన్ని మోయగలిగిందా అన్నది చెప్పాలి. పైగా ఆ వాక్యంలో "అసలు కథ" అన్న మాటే పెద్ద చిక్కు.

రంపెల్‌స్టిల్ట్‌స్కిన్ కథనే చూడండి. పిండిమర నడిపే ఒకాయన, తన కూతురు గడ్డిని బంగారంగా వడుకుతుందని రాజు దగ్గర గొప్పలు చెబుతాడు. రాజు ఆ పిల్లను గడ్డి నింపిన గదిలో పెట్టి, తెల్లారేలోపు వడక్కపోతే చావేనంటాడు. ఒక పొట్టి మనిషి వచ్చి రాట్నం ముందు కూర్చుంటాడు. మొదటి రాత్రి గొలుసు, రెండో రాత్రి ఉంగరం పుచ్చుకుంటాడు. మూడో రాత్రి ఆమె దగ్గర ఇవ్వడానికి ఏమీ మిగల్లేదు, తొలిచూలు బిడ్డను ఇస్తానని ఒప్పుకుంటుంది. ఆమె రాణి అయి, బిడ్డను కన్నాక అతను వస్తాడు. మూడు రోజుల్లో నా పేరు చెబితే బిడ్డను వదిలేస్తానంటాడు. అడవిలో మంట చుట్టూ గెంతుతూ అతను తన పేరు పాడుకుంటుంటే రాణి పంపిన మనిషి వింటాడు. పేరు చెప్పేసరికి అతను కోపంతో తనను తానే రెండుగా చీల్చుకుంటాడు.

మనలో చాలామంది చదివింది ఇదే. కానీ జర్మన్ జానపద కథలు సేకరించిన గ్రిమ్ సోదరులు 1812లో వేసిన మొదటి కూర్పులో ఆ చీల్చుకోవడం లేదు. కోపంగా పరుగెత్తిపోతాడు, మళ్లీ రాడు, అంతే. తర్వాతి కూర్పుల్లో అది చేరింది. 1810 నాటి వాళ్ల రాతప్రతికి వెళ్తే ఇంకో కథే కనిపిస్తుంది. అందులో గొప్పలు చెప్పే తండ్రీ లేడు, చంపుతానన్న రాజూ లేడు. ఒక అమ్మాయికి అవిసె నార ఇచ్చి నూలు వడకమన్నారు. ఎంత వడికినా నూలు రాదు, బంగారమే వస్తుంది. అదే ఆమె బాధ! చివరికి ఆ పొట్టి మనిషి వంట గరిటె ఎక్కి కిటికీలోంచి ఎగిరిపోతాడు.

రెండేళ్ల తేడాలో ఎంత మారిందో చూడండి. రాతప్రతిలో ఆమెకు బెడదగా ఉన్న బంగారం, అచ్చులో రాజు ఆశగా మారింది. ఇది తెలిశాక నేను సమీక్షల్లో "అసలు కథ" అని రాయడం మానేశాను. ఏ కూర్పును మనసులో పెట్టుకుని మాట్లాడుతున్నామో చెబితే సరిపోతుంది.

ఇక చేయాల్సిన పని. కొత్త నవల తెరిచే ముందు పాత కథను ఎనిమిది వాక్యాల్లో రాసుకోండి. ప్రతి వాక్యం దగ్గరా ఆగి, ఇక్కడ కథ చెప్పకుండా వదిలేసింది ఏమిటని అడగండి. చంపుతానన్న రాజుతో ఆమె ఎలా కాపురం చేసింది? ప్రాణం మీదికి తెచ్చిన తండ్రి ఏమయ్యాడు? కథ మళ్లీ అతని ఊసే ఎత్తదు. రాణి రాజ్యంలోని సంపదంతా ఇస్తానన్నా, నిధులన్నిటికంటే ప్రాణమున్నది నాకు ప్రియం అంటాడు ఆ పొట్టి మనిషి. ఆ మాట దగ్గర నాకు ప్రతిసారీ గుండె పట్టేసినట్టు ఉంటుంది. అతని ఒంటరితనం గురించి కథలో ఇంకొక్క ముక్క కూడా లేదు.

తిరగరాతలు ఎక్కువగా ఇలాంటి ఖాళీల్లోనే పుడతాయి. మనకిది కొత్త కాదు. లక్ష్మణుడు అడవికి వెళ్లాక ఊర్మిళ సంగతేమిటన్న ఖాళీలోంచే మన ఆడవాళ్ల పాటల్లో ఊర్మిళాదేవి నిద్ర వచ్చింది.

అమెరికన్ రచయిత్రి నయోమి నోవిక్ 2018లో ఈ కథనే తిరగరాసిన నవల స్పిన్నింగ్ సిల్వర్ ఖాళీతో ఆగలేదు, పునాది మీదే చెయ్యి వేసింది. పాత కథలో పని చేసిపెట్టి, ఒప్పుకున్నది అడిగినవాడు దుష్టుడు. మాట ఇచ్చి తప్పించుకున్న ఆమె నాయిక. ఇది బాకీ ఎగ్గొట్టిన కథ కదా అని నోవిక్ మొదట్లోనే అనిపిస్తుంది. ఆమె కథానాయిక మిర్యెమ్, యూదు వడ్డీవ్యాపారి కూతురు. తండ్రి మెతకమనిషి, ఊరంతా అప్పు తిని ముఖం చాటేస్తుంటే ఇంట్లో పస్తులు. ఆమె వసూళ్లకు దిగుతుంది. వెండిని బంగారం చేస్తుందన్న పేరు వ్యాపారం వల్ల వస్తుంది, రాట్నం వల్ల కాదు. యూరప్‌లో వడ్డీవ్యాపారి పేరు చెప్పి యూదుల మీద పెంచిన ద్వేషం తెలిస్తే, ఈ మార్పు బరువు అర్థమవుతుంది.

మీ సమీక్షలో ఎక్కువ చోటు దీనికివ్వాలి. ఆ తర్వాత, ఒక్క మార్పు కథంతా పాకిందా అని చూడండి. ఇందులో పాకింది. నవలలో ఒక మంచు రాజు ఉంటాడు, అతని జాతివాళ్లు బదులు ఇవ్వకుండా దేన్నీ తీసుకోరు. బాకీ, మాట, బదులు అన్నవి పెళ్లిలోకీ, స్నేహంలోకీ వెళ్తాయి. నాకు నచ్చనిదీ ఉంది. కథ చెప్పే గొంతులు పెరిగేకొద్దీ, మిర్యెమ్ మీద బిగిసిన పట్టు సడలుతుంది.

స్పాయిలర్ల గురించి టెన్షన్ పడేవాళ్లకు ఒక మాట. పాత కథ అందరిదీ, దాన్ని పూర్తిగా చెప్పొచ్చు. నవల మొదటి నాలుగో వంతులో కనిపించే మార్పునూ చెప్పొచ్చు. అది ఎక్కడికి దారితీసిందో మాత్రం చదివేవాళ్లకు వదిలేయండి.

ఈసారి అభ్యాసానికి సిండ్రెల్లా. ఫ్రెంచ్ రచయిత షార్ల్ పెరో 1697లో అచ్చువేసిన దాన్ని, గ్రిమ్ కూర్పునూ పక్కపక్కన చదవండి. పెరో దగ్గర గాజు చెప్పు, గుమ్మడికాయ బండి, అక్కలను క్షమించడం ఉన్నాయి. గ్రిమ్ దగ్గర బంగారు చెప్పు, తల్లి సమాధి మీద పెరిగిన చెట్టు ఉన్నాయి. 1819 కూర్పు నుంచి పావురాలు అక్కల కళ్లు పొడుస్తాయి. తర్వాత మీకు దొరికిన ఒక సిండ్రెల్లా తిరగరాత తీసుకుని, అది వీటిలో దేనితో మాట్లాడుతోందో రెండు పేరాల్లో రాయండి. పోయినసారి కాగితం పక్కన పెట్టుకుని, ఇక్కడ మూల్యం ఎవరు చెల్లించారో కూడా అందులోనే చేర్చండి.