కూలింగ్ గ్లాసెస్ ఎంచుకోవడం – పాఠం 2: ఫ్రేము కొలత, రంగు

పోయిన పాఠంలో అద్దం సంగతి చూశాం. ఎండలోని అతినీలలోహిత కిరణాలను ఆపుతుందని చెప్పే యూవీ 400 గుర్తు ఉన్నదే కొనాలి, అద్దం ఎంత నల్లగా ఉంటే అంత రక్షణ అనుకోకూడదు అని చెప్పుకున్నాం. ఈసారి ఫ్రేము.

గుండ్రటి ముఖానికి పలకల ఫ్రేము, పలకల ముఖానికి గుండ్రటిది అన్న సూత్రం షాపులో ఎవరైనా చెబుతారు. తప్పు కాదు. కానీ చాలామంది ముఖాలు ఆ ఆకారాల్లో దేనికీ సరిగ్గా సరిపోవు. నన్నడిగితే ఆకారం కన్నా ముందు వెడల్పు చూడాలి.

మీకు బాగా కుదిరిన కళ్లజోడు ఇంట్లో ఉంటే దాని కాడ లోపలివైపు చూడండి. 52, 18, 140 లాంటి అంకెలు ఉంటాయి. అన్నీ మిల్లీమీటర్లే. మొదటిది ఒక అద్దం వెడల్పు, రెండోది ముక్కు దగ్గర రెండద్దాల మధ్య దూరం, మూడోది కాడ పొడవు. కొత్తది కొనేటప్పుడు వీటికి దగ్గరగా ఉన్నవాటితో మొదలుపెడితే సగం పని అయిపోయినట్టే.

ఇక పెట్టుకుని చూడండి. కణతల దగ్గర నొక్కుకుంటే చిన్నది. ముఖం దాటి బయటికి పొడుచుకొస్తే పెద్దది. గట్టిగా నవ్వండి, బుగ్గలు ఫ్రేమును పైకి నెడితే అది మీది కాదు. కనురెప్పల వెంట్రుకలు అద్దానికి తగిలినా అంతే. తల కిందికి వంచి చూడండి, జారకూడదు. మే నెల చెమటలో ఇంకా జారుతుంది కదా! ముక్కు దూలం తక్కువ ఎత్తుగా ఉన్నవాళ్లు ముక్కు దగ్గర చిన్న ప్యాడ్‌లు ఉన్న మెటల్ ఫ్రేము తీసుకుంటే, వాటిని షాపులోనే మీ ముక్కుకి తగ్గట్టు వంచి ఇస్తారు. ఫ్రేము పైగీత కనుబొమల వంపునే అనుసరిస్తే బాగుంటుంది. కనుబొమలకి బాగా పైనో కిందో అడ్డంగా పోతే మనిషికి రెండు జతల కనుబొమలు ఉన్నట్టు కనిపిస్తుంది.

రంగు దగ్గర తెలుపా నలుపా అన్నది కాదు లెక్క, చర్మంలో ఏ ఛాయ కలిసిందన్నది. పగటి వెలుగులో కిటికీ దగ్గర నిలబడి, చెంప పక్కన ఒకసారి ఇత్తడి చెంబు, ఒకసారి స్టీలు గ్లాసు పెట్టి చూడండి. నగలు ఉంటే బంగారం, వెండి. ఇత్తడి పక్కన ముఖం కళగా ఉంటే తేనెరంగు, గోధుమరంగు మచ్చల ఫ్రేము, బంగారు రంగు మెటల్ నప్పుతాయి. స్టీలు పక్కన బాగుంటే నలుపు, ముదురు నీలం, వెండి రంగు. రెండూ ఒకేలా ఉంటే అదృష్టవంతులు, ఏదైనా పెట్టుకోవచ్చు. చామనచాయ వాళ్లకి నల్ల ఫ్రేము వద్దనే మాట మాత్రం నమ్మకండి. మందపాటి నల్ల ఫ్రేము ముదురు రంగు ముఖం మీద దర్జాగా ఉంటుంది. జుట్టు బాగా నెరిసినవాళ్లకి మాత్రం పారదర్శకమైన బూడిదరంగు ఒకసారి పెట్టి చూడమంటాను.

అభ్యాసం: మీ పాత జోడు అంకెలు రాసుకోండి. ఇత్తడి, స్టీలు పక్కన రెండు ఫోటోలు తీయించుకోండి, ఫిల్టర్ లేకుండా. వచ్చే పాఠంలో అద్దం రంగు, పోలరైజ్డ్ అద్దాలు, వాటితో ఫోన్ తెర ఒక్కోసారి నల్లగా ఎందుకు కనిపిస్తుందో చూద్దాం.